పన్నెండేళ్ల కాపురం, ఆయనకు పాజిటివ్, నాకు నెగెటివ్. ఇదెలా?

తెల్లమబ్బు:

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. మా వారికి దగ్గు, సాయంత్రం జ్వరం తగ్గకపోతే పరీక్షలు చేసి టీబీ అన్నారు. టీబీ ఉన్నవాళ్లందరికీ చేసేదే అంటూ హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేశారు. పాజిటివ్ వచ్చింది. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 180, వైరల్ లోడ్ (మిల్లీలీటరు రక్తంలో వైరస్ లెక్క) రెండు లక్షల పైచిలుకు. మర్నాడే నాకూ చేశారు. నాకు నెగెటివ్.

మాది పన్నెండేళ్ల కాపురం. ఇద్దరు పిల్లలు. రెండో బిడ్డ పుట్టాక నేను ఆపరేషన్ చేయించుకున్నాను కాబట్టి కండోమ్ అన్న మాటే మా మధ్య రాలేదు. మరి నాకెందుకు రాలేదు? నా పరీక్ష తప్పా? ఒంట్లో దాక్కుని ఉండి తర్వాత బయటపడుతుందా? ఆయనేమో "పెళ్లికి ముందు సంగతి అయి ఉంటుంది, నాకే తెలియదు" అంటున్నారు. రాత్రుళ్లు నిద్ర ఉండటం లేదు. ఒకే మంచం మీద పడుకోవాలంటే భయం, దూరం పెట్టాలంటే మనసు రాదు. తెలిసినవాళ్లు చెప్పండి. ఆయన్ని తిట్టడానికి మాత్రం ఎవరూ రాయొద్దు.

దారిదీపం:

తెల్లమబ్బు గారూ, నేను హెచ్‌ఐవీ కౌన్సెలర్‌ని. మీలాంటి జంటలు మా దగ్గరికి తరచూ వస్తుంటారు. ఒకరికి ఉండి ఇంకొకరికి లేకపోవడం వింత కాదు. అంతమాత్రాన మీ పరీక్ష తప్పయిపోదు.

ముందు ఒక్కమాట. మీరిద్దరూ చివరిసారి కలిసి 72 గంటలు దాటకపోతే ఇది చదవడం ఆపి వెంటనే వెళ్లి పెప్ మందుల గురించి, అంటే కలిశాక వైరస్ పట్టకుండా వాడే మందుల గురించి అడగండి. 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, మూడు రోజులు దాటితే ఇక ఇవ్వరు. ఆ గడువు దాటిపోయి ఉంటే చివరి కలయిక నుంచి లెక్కపెట్టుకుని మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబులో చేసే నాలుగో తరం పరీక్ష అయితే 45 రోజులకు, వేలి చివర గుచ్చి చేసేదయితే 90 రోజులకు వచ్చిన నెగెటివ్‌ను నమ్మొచ్చు. ఏళ్ల తరబడి దాక్కుని పరీక్షకు దొరక్కుండా ఉండటమనేది జరగదు. అనుమానం ఉన్నది ఈ చివరి కొన్ని వారాల గురించే.

ఒకే మంచం, ఒకే కంచం, ముద్దు, కౌగిలి, ఒకే బాత్రూమ్... వీటివల్ల హెచ్‌ఐవీ రాదు. ఇంట్లో గాలి ద్వారా అంటేది టీబీ. కాబట్టి మీకూ పిల్లలకూ టీబీ పరీక్ష చేయించండి. పిల్లలకు హెచ్‌ఐవీ తల్లి నుంచే వస్తుంది. మీరు నెగెటివ్ అయితే వాళ్ల గురించి ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

ల్యాబ్‌గది:

"నాకెందుకు రాలేదు" అన్నదానికి నాకు తెలిసినంత చెప్తాను. వైరల్ లోడ్ పరీక్షలు చేసే ల్యాబులో పని నాది.

ఒక్కసారి కలిస్తే వచ్చే ప్రమాదం జనం అనుకునేంత ఉండదు. భర్తకు వైరస్ ఉండి, మందులు లేకుండా, కండోమ్ లేకుండా యోని ద్వారా కలిసినప్పుడు సగటున 10,000 సార్లలో 8 సార్లు భార్యకు సోకుతుంది. భార్యకు ఉండి భర్తకు సోకే అవకాశం అందులో సగం, అంటే 10,000కు 4. మలద్వారం ద్వారా అయితే స్వీకరించే మనిషికి 10,000కు 138, అది వేరే లెక్క.

ఈ 8 అనే అంకెను చిన్నదిగా చూడకండి. ఏడాదికి వందసార్లు కలిసే జంట పన్నెండేళ్లలో 1,200 సార్లు కలుస్తుంది. ప్రతిసారీ 10,000కు 8 చొప్పున ప్రమాదం వేసుకుంటూ పోతే ఆఖరికి నూటికి 62 మందికి సోకి ఉంటుంది. మిగతా 38 మంది నెగెటివ్‌గానే మిగులుతారు. మీరు ఆ 38లో ఒకరు. దానికి బ్లడ్ గ్రూపూ కారణం కాదు, రోగనిరోధక శక్తీ కారణం కాదు. పదమూడో ఏట కూడా అలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అసలు సంగతి ఇంకొకటుంది. సగటు అనేది ఏ జంట విషయంలోనూ నిజం కాదు. సోకిన కొత్తలో, మొదటి రెండు మూడు నెలల్లో, రక్తంలో వైరస్ లక్షల్లో, ఒక్కోసారి కోట్లలో ఉంటుంది. అప్పుడు ప్రమాదం సగటుకు పదింతల దాకా వెళ్తుంది. తర్వాత ఏళ్లపాటు ఒక స్థాయిలో కుదురుకుంటుంది. సీడీ4 పడిపోయాక మళ్లీ పెరుగుతుంది. మీ వారికి నిజంగా పెళ్లికి ముందే సోకి ఉంటే, అన్నిటికన్నా ప్రమాదకరమైన ఆ కాలం మీరు ఆయన జీవితంలోకి రాకముందే గడిచిపోయింది. మీరు కాపురం చేసింది ఎక్కువగా వైరస్ ఒక స్థాయిలో కుదురుకున్న కాలంలో. కానీ ఇప్పుడు సీడీ4 180, లోడ్ రెండు లక్షలు. అంటే మీకు ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఇప్పుడు. పన్నెండేళ్లు రాలేదు కదా ఇకపైనా రాదులే అనుకోవద్దు.

ఉగాండాలోని రకాయ్ జిల్లాలో ఇలాంటి 415 జంటలను గమనించారు, 2000లో ఫలితాలు వచ్చాయి. మందులు ఇంకా అందుబాటులో లేని రోజులవి. 90 మంది భాగస్వాములకు సోకింది. కానీ వైరల్ లోడ్ 1,500 కంటే తక్కువ ఉన్న 51 జంటల్లో ఒక్కరికీ సోకలేదు. ఎవరికి సోకుతుందన్నది అన్నిటికన్నా ఎక్కువగా తేల్చేది వైరల్ లోడే అని అక్కడ స్పష్టమైంది.

సూటిమాట:

నాదొక ప్రశ్న. హెచ్‌ఐవీ ఆడా మగా కలయిక వల్ల వ్యాపించదని అమెరికాలో పదేళ్ల పరిశోధన తేల్చిందని చదివాను. ఉత్తర కాలిఫోర్నియాలో 175 జంటలను ఏళ్ల తరబడి చూస్తే ఒక్కరికీ సోకలేదట. మరి మనల్ని ఎందుకింత భయపెడుతున్నారు? ఈమె కథ కూడా అదే చెప్తోంది కదా.

ల్యాబ్‌గది:

సూటిమాట గారూ, ఆ పరిశోధన నిజమే. నాన్సీ పాడియన్ బృందం 1997లో ప్రచురించింది. కానీ దాన్ని మీకు సగమే చూపించారు.

అందులో రెండు భాగాలున్నాయి. జంటలు మొదట వచ్చిన రోజే ఇద్దరికీ పరీక్ష చేశారు. భర్తకు వైరస్ ఉన్న 360 మంది స్త్రీలలో 68 మందికి అప్పటికే సోకి ఉంది. నూటికి 19 మంది. భార్యకు ఉన్న 82 మంది పురుషుల్లో ఇద్దరికి సోకింది. అంటే ఆడా మగా మధ్య సోకుతుందని ఆ పరిశోధనే చెప్పింది.

రెండో భాగం అప్పటికి ఇంకా సోకని వాళ్లది. ఆ 175 జంటలను కూర్చోబెట్టి ప్రమాదం ఏమిటో చెప్పారు, కండోమ్ వాడమన్నారు, పదేపదే పిలిచి మాట్లాడారు. చివరికొచ్చేసరికి నాలుగింట మూడొంతుల మంది ప్రతిసారీ కండోమ్ వాడుతున్నామన్నారు. కొందరు కలవడమే మానేశారు. ఆ తర్వాత ఎవరికీ సోకలేదు. గొడుగు వేసుకున్నవాళ్లు తడవలేదని వాన పడలేదంటామా? తన అధ్యయనాన్ని ఇలా వాడుకోవడం తప్పని పాడియన్ స్వయంగా బహిరంగంగా చెప్పింది. ఈ సగం కథను నమ్మి మందులు మానేసిన వాళ్లున్నారు. అందుకే ఇంత పొడుగ్గా రాశాను.

నీలిగొడుగు:

అక్కా, మాది మీకు తిరగేసిన కథ. నాకు పాజిటివ్, మా ఆయనకు నెగెటివ్. ఏళ్లు గడిచాయి, ఆయన ఇప్పటికీ నెగెటివే. నాకు గర్భంతో ఉన్నప్పుడు చేసిన పరీక్షలో తెలిసింది. "నీ నుంచే వచ్చింది" అన్న మాట మొదట నా మీదే పడింది, ఎందుకంటే ముందు పరీక్ష చేసింది నాకు. పరీక్ష ముందు ఎవరికి చేస్తే తప్పు వాళ్లదయిపోతుంది. ఇది చాలామంది ఆడవాళ్లకు జరుగుతుంది. మా ఆయన మాత్రం ఆ మాటను ఇంట్లో ఎవరినీ రెండోసారి అననివ్వలేదు.

మందులు మొదలుపెట్టిన కొన్ని నెలలకు వైరల్ లోడ్ రిపోర్టు తెచ్చుకున్నాం. అంకె ఉండాల్సిన చోట "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" (వైరస్ దొరకలేదు) అని ఉంది. నాకు అర్థం కాక పరీక్ష కుదరలేదేమో అనుకుని ఏడ్చాను. సిస్టర్ నవ్వి, ఇంతకంటే మంచి రిపోర్టు ఉండదమ్మా అంది. బిడ్డ నెగెటివ్. ఆ తర్వాత ఇంకో బిడ్డ కావాలనుకున్నప్పుడు డాక్టర్ గారితో మాట్లాడుకుని, లోడ్ అణిగి ఉందని మళ్లీ చూసుకుని, మామూలుగానే ప్రయత్నించాం. ఆ బిడ్డ కూడా నెగెటివ్.

మీరు ఆయన్ని దూరం పెట్టక్కర్లేదు. మందు మింగేలా చూసుకోండి.

తెల్లమబ్బు:

అందరి మాటలూ మళ్లీ మళ్లీ చదివాను. పెప్ గడువు దాటిపోయింది, ఆయన జ్వరంతో ఉండి చాలా రోజులయింది. రెండో పరీక్ష తేదీ రాసుకున్నాను.

కానీ నా మనసును తొలిచేది ఇంకొకటి. పెళ్లికి ముందే అని ఎలా నమ్మను? మొన్న మొన్నటిది అయితే? ఏ పరీక్షయినా ఉందా, ఎప్పుడు సోకిందో చెప్పేది? ఆయన్ని అడిగితే తల దించుకుంటారు తప్ప మాట రాదు. నిజం తెలిస్తే నేను తట్టుకోగలను. తెలియకపోవడమే నన్ను తినేస్తోంది.

దారిదీపం:

లేదండీ. ఫలానా సంవత్సరం సోకిందని చెప్పే మామూలు పరీక్ష ఏదీ లేదు. సీడీ4 180కి పడిపోవడం, టీబీ రావడం చూస్తే సాధారణంగా ఏళ్ల కిందట సోకి ఉంటుందని అనుకుంటాం. చికిత్స లేకుండా ఈ దశకు రావడానికి చాలామందికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. కొందరికి మూడు నాలుగేళ్లే పడుతుంది, కొందరికి పదిహేనేళ్లు కూడా. అందుకే అది సాక్ష్యం కాదు. పైగా టీబీ వల్ల కూడా సీడీ4 కొంత పడుతుంది.

ఇద్దరికీ పాజిటివ్ అయిన జంటల్లోనూ ఇదే ముడి. వైరస్ జన్యువులను పోల్చి ఇద్దరిదీ ఒకే కుదురుకు చెందినదా కాదా అని చూడొచ్చు. కానీ ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో అది ఖాయంగా చెప్పదు. దాన్ని పరిశోధనల్లో వాడతారు, కాపురాల్లో తీర్పు చెప్పడానికి కాదు.

మీ అనుమానం తప్పని నేను అనను. అడిగే హక్కు మీకుంది. నేను చేసేదేమిటంటే, ఇద్దరినీ కూర్చోబెట్టే ముందు విడివిడిగా మాట్లాడతాను. భర్త నాతో చెప్పినది ఆయన అనుమతి లేకుండా భార్యకు చెప్పను, కానీ ఆయనే చెప్పేలా సాయం చేస్తాను. కొందరు అక్కడే చెప్పేస్తారు. కొందరికి నెలలు పడుతుంది. ఆయన ఒంట్లో జ్వరం ఉండగా ఈ మాట తెగ్గొట్టాలని చూడకండి. మందులు, మీ రెండో పరీక్ష, ఈ రెండూ మాత్రం ఆ జవాబు కోసం ఆగకూడదు.

పేరువద్దు:

ఈ చర్చ చూసి ధైర్యం చేసి రాస్తున్నాను. నాకు పాజిటివ్ అని తెలిసి చాలాకాలమైంది. ఒక్కరోజు కూడా మందు మానలేదు. నాకూ రిపోర్టులో నాట్ డిటెక్టెడ్ అనే వస్తోంది. నా భార్యకు చెప్పలేదు. మందు డబ్బాలో మాత్రలు వేరే సీసాలోకి మార్చుకుని బీపీ మందు అని చెప్పాను. నా వల్ల ఆమెకు ప్రమాదం సున్నా అయినప్పుడు, చెప్పి ఆమె జీవితాన్ని ఎందుకు తగలబెట్టాలి? రోజూ టెన్షనే. మింగలేను, కక్కలేను.

నీలిగొడుగు:

అన్నయ్యా, మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఇల్లు ఆమెది కూడా. ఏదో ఒకరోజు ఆ సీసా ఆమె చేతికి దొరుకుతుంది, లేదా మీరు జబ్బుపడి ఆసుపత్రిలో ఎవరో నోరు జారతారు. అలా తెలిసిన ఆడవాళ్లు ఏమంటారో విన్నాను. జబ్బు గురించి కాదు, ఇన్నేళ్లు నన్ను పరాయిదాన్ని చేశారే అంటారు.

దారిదీపం:

పేరువద్దు గారూ, మీ లెక్కలో ఒకటి వదిలేశారు. ఇప్పుడు మీ వల్ల ఆమెకు సోకదన్నది సరే. మరి మీకు తెలియకముందు? మందులు పనిచేయడం మొదలుపెట్టకముందు? అప్పుడు మీ లోడ్ ఎంతుందో ఎవరికీ తెలియదు. ఆ రోజుల్లో ఆమెకు సోకి ఉంటే, ఆమె ఇప్పుడు మందు లేకుండా లోలోపల నీరసిస్తూ ఉంటుంది. ఈరోజు మీ రిపోర్టులో ఉన్న సున్నా నిన్నటి గురించి ఏమీ చెప్పదు. ఆమెకు పరీక్ష జరిగి తీరాలి. ఇంకా పిల్లలుంటే, ఆమె ఫలితాన్ని బట్టి వాళ్లకూ.

ఎలా చెప్పాలో ఒంటరిగా తేల్చుకోవద్దు. "మనం ఇద్దరం ఒకసారి అన్ని పరీక్షలూ చేయించుకుందాం" అని తీసుకురండి, జంటకు కలిపి కౌన్సెలింగ్ చేసే చోటికి. ఫలితాలు ఇద్దరి ముందూ కౌన్సెలరే చెప్తారు. మాట మీ నోటి నుంచే రావాలనుకుంటే, పక్కన మేముంటాం. మీ రిపోర్టులన్నీ తెచ్చుకోండి. ఏళ్లుగా ఒక్క మాత్ర మానకుండా ఉన్నారంటే అది ఆమె కోసం కూడా చేసిన పనే. ఆ కాగితాలు ఆమె చూడాలి.

ఒక జాగ్రత్త చదివేవాళ్లందరికీ. చెబితే కొడతారు, ఇంట్లోంచి గెంటేస్తారు అన్న భయం ఉన్న స్త్రీలు ముందు తమ క్షేమం చూసుకోవాలి. ఎక్కడ, ఎవరి సమక్షంలో, ఎప్పుడు అన్నది కౌన్సెలర్‌తో తేల్చుకున్నాకే చెప్పండి.

సూటిమాట:

పాడియన్ పరిశోధన మొదటి భాగం సంగతి ఇప్పుడు చదివి చూశాను, ల్యాబ్‌గది గారు చెప్పినట్టే ఉంది. అయినా ఈ "సున్నా" అన్న మాట నాకు మింగుడు పడటం లేదు. వైద్యంలో సున్నా అని ఎవరైనా అంటారా? రక్తంలో కనబడకపోయినా వీర్యంలో ఉండొచ్చుగా?

ల్యాబ్‌గది:

మంచి ప్రశ్న. రక్తంలో కనబడనప్పుడు కూడా కొందరికి వీర్యంలోనో, యోని స్రావాల్లోనో కొద్దిపాటి వైరస్ జన్యు పదార్థం ఎప్పుడైనా దొరుకుతుంది. అది ఇతరులకు సోకుతుందా లేదా అన్నది ల్యాబులో కూర్చుని తేలదు. జంటలను చూస్తేనే తేలుతుంది. చూశారు.

హెచ్‌పీటీఎన్ 052 అనే అధ్యయనంలో భారత్‌తో సహా 9 దేశాల్లో 1,763 జంటలు పాల్గొన్నాయి. దాదాపు అందరూ ఆడా మగా జంటలే. సగం మందికి వెంటనే మందులు మొదలుపెట్టారు, మిగతా సగానికి సీడీ4 తగ్గాక ఇచ్చారు, అప్పటి పద్ధతి అదే. 2011లో మధ్యంతర లెక్క చూస్తే భాగస్వామికి సోకిన 28 కేసుల్లో 27 ఆలస్యంగా మందులిచ్చిన వైపే ఉన్నాయి. వెంటనే ఇచ్చిన వైపు ఒక్కటి. ఇక ఆగడం న్యాయం కాదని అందరికీ మందులిచ్చేశారు. చివరి ఫలితం 2016లో వచ్చింది. నేను అందరికీ చెప్పాలనుకునే వివరం ఇక్కడుంది. మందులు వాడుతున్నవారి నుంచి కూడా 8 మందికి సోకింది. అందులో 4 మందులు మొదలుపెట్టే ముందో, మొదలుపెట్టిన కొత్తలోనో, అంటే వైరస్ ఇంకా అణగనప్పుడు. మిగతా 4 మందులు పనిచేయడం మానేశాక. లోడ్ నిలకడగా అణిగి ఉన్న కాలంలో ఒక్కటీ లేదు.

పార్ట్‌నర్ అనే యూరప్ అధ్యయనంలో 888 జంటలు, వాటిలో 548 ఆడా మగా జంటలు. వైరస్ ఉన్నవాళ్లంతా మందులతో లోడ్ అణిగి ఉన్నవాళ్లే. కండోమ్ లేకుండా 58,000 సార్లు కలిశారు. భాగస్వామి నుంచి సోకినవి సున్నా. 11 మందికి కొత్తగా హెచ్‌ఐవీ వచ్చింది కానీ జన్యువులు పోల్చి చూస్తే ఎవరిదీ ఇంట్లో ఉన్న వైరస్ కాదు, బయటిది. ఇన్ని ఆధారాలు పేరుకున్నాక 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తేల్చి చెప్పింది: వైరల్ లోడ్ దొరకని స్థితిలో ఉంటే లైంగిక భాగస్వామికి సోకే ప్రమాదం సున్నా. 1,000 లోపు ఉంటే దాదాపు సున్నా.

ఈ సున్నా లైంగిక కలయికకు మాత్రమే. సూదులు పంచుకుంటే వర్తించదు. తల్లిపాల ద్వారా ప్రమాదం బాగా తగ్గుతుంది కానీ సున్నా అనరు. మిగతా సుఖవ్యాధులను ఇది ఆపదు. మందు మానేస్తే కొన్ని వారాల్లోనే వైరస్ తిరిగొస్తుంది, సున్నా పోతుంది.

పొద్దుతిరుగుడు:

మీరంతా మందు మింగే భర్తల గురించి మాట్లాడుతున్నారు. మా ఆయన వారం మింగి వారం మానేస్తాడు. కండోమ్ అంటే "నన్ను అంటరానివాణ్ని చేస్తున్నావా" అని కోపం. నాకు ఇప్పటిదాకా నెగెటివ్. ఆయన మారేదాకా ఆగితే నా బతుకు ఏమవుతుంది? నా చేతిలో ఏమైనా ఉందా?

దారిదీపం:

ఉందమ్మా. నీ లాంటివాళ్ల కోసమే ప్రెప్ ఉంది. వైరస్ లేనివాళ్లు రాకుండా వాడే మందు. కెన్యా, ఉగాండాల్లో 4,747 జంటల్లో నెగెటివ్ భాగస్వామికి ఇచ్చి చూశారు, ఫలితాలు 2012లో వచ్చాయి. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటాబిన్ కలిసిన మాత్ర రోజూ ఇచ్చిన వైపు, మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చిన వైపు కంటే 75 శాతం తక్కువ మందికి సోకింది. క్రమం తప్పకుండా వేసుకున్నవాళ్లకు రక్షణ ఇంకా ఎక్కువ. స్త్రీలకు రోజూ వేసుకోవడం చాలా ముఖ్యం, మధ్యలో మానితే లాభం జారిపోతుంది. మొదలుపెట్టే ముందు నీకు నెగెటివ్ అని తేలాలి, కిడ్నీ పరీక్ష చేయాలి.

ఆయన అనుమతి నీకు అక్కర్లేదు. మాత్ర ఇంట్లో పెట్టుకోవడం కష్టమైతే ఇంజెక్షన్లు వచ్చాయి. లెనాకాపవిర్ ఆరు నెలలకొకసారి. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఆ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది అమ్మాయిల్లో ఒక్కరికీ సోకలేదని 2024లో వెల్లడైంది. అన్నిచోట్లా ఇంకా దొరకదు, నువ్వు ఉన్నచోట ఏముందో అడుగు. నీకు ఏ పుండో, దుర్వాసనతో తెల్లబట్టో ఉంటే ఆలస్యం చేయకుండా చూపించు, జననాంగాల్లో పుండ్లు ఉంటే హెచ్‌ఐవీ సులువుగా లోపలికి పోతుంది. ఆడవాళ్లలో అవి చాలాసార్లు నొప్పి లేకుండానే ఉంటాయి.

ఆయన మందు ఎందుకు మానుతున్నాడో కూడా ఎవరైనా అడగాలి. వాంతులా, తాగుడా, మింగుతుంటే ఎవరైనా చూస్తారన్న భయమా. ఒక్కోదానికి ఒక్కో దారి ఉంటుంది. ఆయన కొడుతుంటే మాత్రం, ముందు ఆ సంగతి ఎవరికైనా చెప్పు. నాకు విడిగా మెసేజ్ పెట్టు.

ఎర్రమట్టి:

మగవాళ్లకు సున్తీ చేయించుకుంటే రాదంటారు, నిజమా? నా భార్యకు పాజిటివ్, ఇప్పుడే మందులు మొదలయ్యాయి.

ల్యాబ్‌గది:

"రాదు" కాదు, తగ్గుతుంది. స్త్రీ నుంచి పురుషుడికి సోకే అవకాశం సుమారు 60 శాతం తగ్గుతుందని ఆఫ్రికాలో చేసిన మూడు పెద్ద ట్రయల్స్‌లో తేలింది. మీ ఇంట్లో మాత్రం దానికంటే త్వరగా పనిచేసేది మీ భార్య మందులే. ఆమె లోడ్ అణిగేదాకా కండోమ్, కుదిరితే మీకు ప్రెప్. కెన్యా, ఉగాండాల్లోనే 1,013 జంటలకు ఈ పద్ధతి పెట్టారు. పాజిటివ్ భాగస్వామి మందులు మొదలుపెట్టి ఆరు నెలలయ్యేదాకా నెగెటివ్ భాగస్వామికి ప్రెప్, తర్వాత ఆపేయడం. ఏ రక్షణా లేకపోతే ఎంతమందికి సోకేదని లెక్కగట్టారో దానికంటే 96 శాతం తక్కువ మందికి సోకింది.

తెల్లమబ్బు:

రెండో పరీక్ష కూడా నెగెటివ్ వచ్చింది. 45 రోజులు దాటాకే, ల్యాబులో. ఆయనకు టీబీ మందులు ముందు మొదలుపెట్టి, తర్వాత హెచ్‌ఐవీ మందులు కలిపారు. జ్వరం పోయింది, ఆకలి వేస్తోంది అంటున్నారు. ఆయన ఇంకా అంతా చెప్పలేదు. కొంత చెప్పారు. నేను విన్నాను, ఇప్పుడు అంతకంటే రాయలేను. నేను ప్రెప్ తీసుకుంటున్నాను.

మందుల గురించి ఒక సందేహం. హెచ్‌ఐవీకి ఒకే మాత్ర అన్నారు, కానీ ఆయనకు రాత్రి పూట ఇంకొకటి అదనంగా ఇచ్చారు. డోల్యుటెగ్రావిర్ 50 అని ఉంది. పొరపాటున ఇచ్చారా? ఇంకొకటి, నీరసంగా ఉందని కాల్షియం, ఐరన్ మాత్రలు కొన్నాం. కడుపులో మంటకు సిరప్ కూడా తాగుతున్నారు. ఫర్వాలేదా?

ల్యాబ్‌గది:

రెండో మాత్ర పొరపాటు కాదు. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్, డోల్యుటెగ్రావిర్ అనే ఈ హెచ్‌ఐవీ మందును ఒంట్లోంచి త్వరగా బయటికి పంపేస్తుంది. అందుకని పన్నెండు గంటల తేడాతో ఇంకొక 50 మిల్లీగ్రాములు ఇస్తారు. టీబీ కోర్సు అయ్యాక కూడా రెండు వారాలు అలాగే కొనసాగించి, అప్పుడు ఆపుతారు. ఆ రాత్రి మాత్ర వదిలేస్తే లోడ్ తగ్గదు. మీకు జరగాల్సిన మేలు అక్కడే ఆగిపోతుంది.

సిరప్ సంగతి చాలా ముఖ్యం, ఫార్మసీలో కూడా చాలాసార్లు చెప్పరు. కడుపు మంట సిరప్పుల్లో ఉండే మెగ్నీషియం, అల్యూమినియం డోల్యుటెగ్రావిర్‌ను పట్టేసుకుని ఒంటికి ఎక్కనివ్వవు. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత సిరప్ తాగొచ్చు. ముందే సిరప్ తాగితే ఆరు గంటలు ఆగి మాత్ర వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ ఇదే తేడా పాటించండి. లేదంటే ఆ రెండూ డోల్యుటెగ్రావిర్‌తో కలిపి భోజనంతో పాటు వేసుకోవచ్చు, ఖాళీ కడుపున కలిపి మాత్రం వద్దు. ఆయనకు ఇప్పుడు రోజుకు రెండుసార్లు కాబట్టి ఈ ఆరు గంటలు, రెండు గంటలు కుదర్చడం కష్టం. అన్ని మందుల డబ్బాలూ, సిరప్ సీసాతో సహా, ఒక సంచిలో వేసుకుని డాక్టర్ గారి ముందు పెట్టండి. ఏది ఏ వేళకో ఆయనే రాసిస్తారు.

వైరల్ లోడ్ సాధారణంగా ఆరు నెలలకు చేస్తారు. కొన్నిచోట్ల ముందే చేస్తారు, అడగండి. రిపోర్టులో "లాగ్" అని ఇంకో గడి ఉంటుంది, రెండు లక్షలకు అక్కడ 5.3 అని ఉంటుంది. ఆ అంకె 1 తగ్గితే వైరస్ పదో వంతుకు పడినట్టు. వచ్చాక ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం. అది అణిగిందని తేలేదాకా మీ ప్రెప్ ఆపొద్దు, కండోమ్ కూడా.